గీతల పుస్తకం: ఒక గుంటూరు మీడియం పేసర్ నడుం కేసు

2021 ఆగస్టులో ఓ సాయంత్రం, విజయవాడ సూర్యారావుపేటలో మా క్లినిక్ మూసే వేళకి వచ్చాడు కుర్రాడు. గుంటూరు నుంచి బస్సు. 19 ఏళ్ళు, ఆరడుగులకి ఒక అంగుళం తక్కువ, 66 కిలోలు, క్రికెట్‌లో కుడిచేతి మీడియం పేస్ బౌలర్, అంటే మరీ వేగంగా కాకుండా మధ్యస్థంగా వేసేవాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. "నిలబడే ఉంటాను సార్, బస్సులో కూర్చునేసరికి నడుం బిగుసుకుపోయింది" అన్నాడు. చేతిలో బట్టల కొట్టు కవరు. అందులో రెండు ఎక్స్‌రేలు, మూడు చోట్ల రాయించుకున్న మందుల చీటీలు, సగం వాడేసిన నొప్పి బిళ్ళలు.

అతని అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. పేరు రాయను, ఆడిన జట్ల పేర్లూ రాయను. కోచ్‌లూ, నాలాంటి ఫిజియోలూ, ముఖ్యంగా పిల్లల్ని అకాడమీల్లో చేర్పించిన తల్లిదండ్రులూ చదువుతారని రాస్తున్నా. ఇందులో నా తప్పు ఒకటుంది. దాన్ని దాచితే ఈ కేసులో చెప్పడానికి పెద్దగా ఏమీ మిగలదు.

నొప్పి ఎక్కడ అంటే అరచేయి పెట్టి నడుమంతా రుద్దలేదు. ఎడమవైపు, బెల్టుకి రెండు వేళ్ళ పైన, ఒక్క వేలితో చూపించాడు. ఎప్పుడొస్తుందంటే మొదటి రెండు ఓవర్లు బాగానే ఉంటుందట. మూడో ఓవర్‌లో ఎడమ కాలు క్రీజులో పడిన క్షణాన సూదిలా పొడుస్తుందట. రాత్రి పక్కమీద అటునుంచి ఇటు తిరిగితే మెలకువ. నాలుగు రోజులు ఆడకపోతే మాయం, మళ్ళీ బంతి పట్టుకుంటే హాజరు.

మూడు చోట్లా "కండరం పట్టేసింది" అనే చెప్పారు. ఒకచోట ఇంజక్షన్ ఇచ్చారు. ఒకచోట ఎక్స్‌రే చూసి "ఎముక భేషుగ్గా ఉంది, ఆడుకో" అన్నారు. ఆ ఎక్స్‌రే నేనూ లైటుకి ఎత్తి చూశాను, భేషుగ్గానే ఉంది. చిక్కంతా అక్కడే. ఈ రకం దెబ్బ మొదటి దశలో ఎక్స్‌రేకి చిక్కదు.

కరోనా రెండో విడతలో వేసవంతా మైదానాలు మూతపడ్డాయి. తెరిచాక నెలన్నరలో సెలక్షన్లు అన్నారు. నెలల తరబడి బంతి ముట్టుకోనివాడు, తెరిచిన రెండో రోజు నుంచి రోజుకి 15 ఓవర్లు వేశాడు. ఆ ఏడాది పేస్ బౌలర్ల నడుములు వరసకట్టి మా క్లినిక్‌కి వచ్చాయి.

పరీక్ష

ఒంటికాలి మీద నిలబెట్టి వెనక్కి వంగమన్నాను. ఎడమ కాలి మీద వంగగానే మొహం మాడ్చాడు. ఈ పరీక్ష చాలామంది చేస్తారు, నేనూ చేస్తాను, కానీ దీన్నొక్కదాన్నే నమ్ముకుంటే మోసపోతాం. నొప్పి ఉన్నా ఎముక బాగుండొచ్చు, నొప్పి లేకపోయినా ఎముక చెడి ఉండొచ్చు. నేను నమ్మేది కథని. ఇరవై ఏళ్ళ లోపు పేస్ బౌలర్, బంతి వేసే చేతికి ఎదురువైపు నడుం నొప్పి, రెండు వారాలు దాటింది అంటే, ఎమ్మారై వచ్చేదాకా నా లెక్కలో అది ఎముకే.

ఎమ్మారై అనగానే కుర్రాడు కిందకి చూశాడు. వాళ్ళ నాన్న గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తా. "నాన్నని అడిగి చెప్తాను సార్" అన్నాడు. పది రోజుల తర్వాత ఫిల్ముతో వచ్చాడు. డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో అప్పుడు నేను అడగలేదు.

ఎల్5 పూస, అంటే నడుం పూసల్లో అన్నిటికంటే కిందది, ఎడమవైపు. పూస వెనకభాగంలో పై కీలుకీ కింది కీలుకీ మధ్య సన్నటి ఎముక వంతెన ఉంటుంది. పుల్లని అటూ ఇటూ పదేపదే వంచితే ఓచోట నార తేలినట్టు, ఆ వంతెనకి గీత పడింది. పూర్తిగా విరగలేదు, చుట్టూ ఎముక లోపల వాపు. సీటీలో గీత ఎంత లోతో తేలింది. సగానికి తక్కువ. ఎముకల డాక్టర్‌గారు చూసి ఆపరేషన్ అక్కర్లేదు, ఆట ఆపి అతుక్కోనిద్దాం అన్నారు.

కుడిచేతి బౌలర్‌కి ఎడమవైపే ఎందుకంటే, బంతి వదిలే ముందు అతని ఒళ్ళు ఏం చేస్తుందో చూడండి. ఎడమ కాలు నిటారుగా నేలని తన్నుతుంది. ఆ దెబ్బ ఒంటి బరువుకి 5 నుంచి 9 రెట్ల దాకా ఉంటుందని కొలిచారు. సరిగ్గా అదే క్షణాన నడుం వెనక్కి విరుచుకుని ఉంటుంది, ఎడమకి ఒరిగి ఉంటుంది, మెలి తిరుగుతూ ఉంటుంది. ఈ మూడూ కలిసి నొక్కేది ఆ ఎడమవైపు వంతెననే. ఎడమచేతి బౌలర్లకి ఇదంతా కుడివైపు తిరగేసుకోండి.

రక్తపరీక్షలో విటమిన్ డి 14. ఇరవై ఉండాలి కనీసం. గుంటూరు ఎండల్లో పుట్టి పెరిగినవాడికి డి విటమిన్ తక్కువేంటని వాళ్ళ నాన్న తర్వాత నన్ను నిలదీశారు. పొద్దున ఆరుకి నెట్స్, ఎనిమిదింటికల్లా ఇల్లు, మళ్ళీ సాయంత్రం ఐదుకి. మధ్యలో ఎండ మొహం చూసేదెక్కడ? తిండి కూడా అంతే. పొద్దున టీ, బిస్కెట్లు తిని నెట్స్‌కి వెళ్ళడం, తొమ్మిదింటికి నాలుగు ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, పచ్చడి, మజ్జిగ. అంత శ్రమ చేసే ఒంటికి అది చాలదు. తిన్నది శ్రమకే సరిపోకపోతే ఎముక మరమ్మత్తు వాయిదా పడుతుంది. గుడ్లూ, పాలూ, శనగలూ, నెట్స్‌కి ముందు రెండు అరటిపళ్ళూ చేర్పించాం. డాక్టర్‌గారు డి విటమిన్ రాశారు.

మొదటిసారి

14 వారాలు బంతి ముట్టుకోవద్దన్నాను. ఏడవలేదు కానీ చాలాసేపు మాట్లాడలేదు. అప్పుడు ఆస్ట్రేలియా పేస్ బౌలర్ పాట్ కమిన్స్ సంగతి చెప్పాను. 2011లో 18 ఏళ్ళకే జొహానెస్‌బర్గ్‌లో మొదటి టెస్ట్ ఆడాడు. రెండో టెస్ట్ 2017లో, మన రాంచీలో. మధ్యలో నడుమూ, మిగతా దెబ్బలూ. "ఆరేళ్ళా సార్?" అన్నాడు. నీకు ఆరు నెలలేరా అన్నాను. తప్పు చెప్పాను, ఎనిమిది పట్టింది.

వ్యాయామాల చిట్టా మొత్తం రాయను, ఏ ఫిజియోకైనా తెలిసినవే. ఒక్కటి మాత్రం దగ్గర్నుంచి చెప్తాను. పక్కకి పడుకుని మోచేతి మీద ఒంటిని లేపి ఉంచే సైడ్ ప్లాంక్. కుడిమోచేతి మీద నిమిషంన్నర నిలిచాడు. ఎడమమోచేతి మీద 35 సెకన్లకే తుంటి వణికి చాప మీదకి జారిపోయింది. రోజూ నెట్స్‌లో వంద దాకా బంతులు వేసే ఒళ్ళు ఒకవైపు రాయిలా, రెండోవైపు గుడ్డలా ఉంది. "రెండు వైపులా ఒకేసారి కింద పడే రోజున బంతి ఇస్తాను" అన్నాను. పదకొండో వారానికి తేడా ఎనిమిది సెకన్లకి వచ్చింది. ఒంటికాలి స్క్వాట్లు, డెడ్‌లిఫ్ట్, పిక్కలు, తర్వాత పరుగు. ఈ వరస నేను మార్చను. పరుగు నొప్పి లేకుండా వచ్చేదాకా రనప్, అంటే బంతి వేయడానికి పరుగెత్తుకు రావడం, లేదు.

యాక్షన్, అంటే బంతి వేసే తీరు, విషయంలో వాళ్ళ కోచ్‌కీ నాకూ పడలేదు. ఫోన్‌లో నెమ్మది వీడియో తీసి చూస్తే వెనక కాలు పడేటప్పటికి తుంటి బ్యాట్స్‌మన్ వైపు ఉంది, భుజాలు మాత్రం పక్కకి. ముందు కాలు పడేలోపు భుజాలు ఇంకా వెనక్కి మెలి తిరుగుతున్నాయి. దీన్నే మిక్స్‌డ్ యాక్షన్ అంటారు, ఈ నడుం దెబ్బకి పాత చుట్టం. ఫోన్ వీడియోతో కోణం కచ్చితంగా కొలవలేం. కళ్ళకి కనబడేటంత ఎక్కువుందని మాత్రం చెప్పగలం. కోచ్ మొత్తం మార్చేద్దాం, పూర్తి సైడాన్, అంటే తుంటీ భుజాలూ రెండూ పక్కకి తిరిగి ఉండేలా, చేద్దాం అన్నాడు. పన్నెండేళ్ళప్పట్నుంచి వేస్తున్న యాక్షన్‌ని పంతొమ్మిదేళ్ళకి విప్పి మళ్ళీ కుట్టబోతే వాడికి రనప్ కూడా మిగలదని నా భయం. చివరికి ఒక్క పాదమే మార్చాం. వెనక పాదం కొన కాస్త ముందుకి తిప్పి పడేలా చూశాం, భుజాలు కూడా తుంటితోపాటు ముందుకే వచ్చేలా. దానికే రెండు నెలలు పట్టింది. ఔట్‌స్వింగ్ కొంత పోయింది, సగం తిరిగొచ్చింది. కోచ్ ఇప్పటికీ నాతో ఆ సగం గురించి మాట్లాడతాడు.

2022 జనవరిలో నడిచొచ్చి వేసే 24 బంతులతో మొదలు. ఏప్రిల్‌కి పూర్తి రనప్, పూర్తి వేగం. ఫోన్‌లో ఒక పట్టిక పెట్టించాను, ఏ రోజు ఎన్ని ఓవర్లు అని. ప్రతి ఆదివారం ఫొటో పంపేవాడు. వారానికి 20 ఓవర్లు, అంటే 120 బంతులు. అటూ ఇటూ పదికి మించి తేడా లేదు. ఇంత బుద్ధిగా పట్టిక నింపిన పేషంట్ నాకు దొరకలేదు. ఆ ఏడాది జిల్లా మ్యాచ్‌ల్లో వికెట్లు తీశాడు, అండర్-23 క్యాంప్‌కి పిలుపొచ్చింది. పట్టిక చూపించి నేను ఓ వర్క్‌షాప్‌లో గొప్పలు కూడా చెప్పుకున్నాను.

2023 ఫిబ్రవరి మొదటి వారంలో ఫోన్. "సార్, మళ్ళీ అక్కడే. కాదు, దానికి కొంచెం పైన."

ఎమ్మారైలో ఎల్5 గీత అతుక్కుంది. దాని పై పూస, ఎల్4 ఎడమవైపు కొత్త వాపు. గీత ఇంకా పడలేదు. ఈసారి వారం తిరక్కుండా చెప్పాడు కాబట్టి ముందే దొరికింది.

పండగ లెక్క

ఈసారి నాన్నని తీసుకురమ్మన్నాను. వచ్చారు. తెల్ల చొక్కా జేబులో రెండు పెన్నులు, చొక్కా లోంచి మిర్చి ఘాటు. గదిలోకి రాగానే మా రిసెప్షన్ అమ్మాయి తుమ్మింది. ఆయన నొచ్చుకుని గుమ్మం దగ్గరే ఆగబోయారు. పర్లేదు, రండి అన్నాను.

పట్టికలు బల్లమీద పరిచి, డిసెంబరులో ఏం మారింది, జనవరిలో ఏం మారింది అని కుర్రాణ్ణి అడుగుతున్నాను. ఏం మారలేదు సార్ అంటున్నాడు. మ్యాచ్‌లు ఎక్కువ ఆడావా? లేదు సార్. ఆయన ఇద్దరివైపూ చూసి మెల్లగా అన్నారు.

"డాక్టరుగారూ, పండక్కి వీడు ఇంట్లో లేడండి. పొన్నూరు అవతల మా అత్తగారి ఊళ్ళో రాత్రిపూట లైట్లేసి ఆడతారు కదా, అక్కడే ఉన్నాడు తొమ్మిది రోజులు."

నేను డాక్టర్‌ని కాదని ఏడాదిన్నరగా కుర్రాడికి చెప్తున్నాను, ఆయనకి చెప్పే మూడ్ ఆ రోజు లేదు.

సంక్రాంతికి మన వైపు ఏ ఊళ్ళో చూసినా ఇదే కదా. ఓ పక్క కోడిపందేలు, ఓ పక్క ఫ్లడ్‌లైట్ల కింద టెన్నిస్ బంతి టోర్నమెంట్. ఆరేసి ఓవర్ల మ్యాచ్‌లు, రాత్రికి మూడు. అకాడమీ బౌలర్‌ని బయటి ఊరి నుంచి రప్పించుకోవడం ఆ టీమ్‌లకి పరువు. మనవాడికి రాత్రికి 2,000, పెట్రోలు వేరే.

కుర్రాడు అబద్ధం చెప్పలేదు. అక్కడే నేను దెబ్బతిన్నాను. ప్రతి ఆదివారం "మ్యాచ్‌లేమైనా ఆడావా" అనే నేనడిగింది. అతని నిఘంటువులో మ్యాచ్ అంటే తెల్ల ప్యాంటూ, డ్యూస్ బాల్ అనే గట్టి తోలు బంతీ. టెన్నిస్ బంతితో ఆడేది "ఊరికే ఆట". పట్టికలో నేను గీసిన గడి పేరు కూడా "మ్యాచ్ / నెట్స్". ఊరికే ఆటకి గడి లేదు.

పైగా అతనికో నమ్మకం. టెన్నిస్ బంతి తేలిక, దాంతో నడుముకేం అవుతుందని. డ్యూస్ బాల్ 156 గ్రాములకి తక్కువ ఉండదు, టెన్నిస్ బంతి 60 లోపే, నిజమే. కానీ నడుం మోసేది బంతిని కాదు కదా. ఎడమ కాలు నేలని తన్నే దెబ్బకి బంతి బరువుతో సంబంధం లేదు. టెన్నిస్ బంతి గాల్లో తొందరగా వేగం పోగొట్టుకుంటుంది, దాంతో బౌలర్ ఇంకా విసురుగా, ఇంకా ఒరిగి వేస్తాడు. కింద గట్టి నేల మీద మ్యాటు, కాళ్ళకి మామూలు కాన్వాస్ బూట్లు. రాత్రి మంచు, ఒళ్ళు వేడెక్కకుండానే బంతి చేతికిస్తారు.

ఆ బల్లమీదే లెక్క కట్టాం. రాత్రికి మూడు మ్యాచ్‌లు, మ్యాచ్‌కి రెండేసి ఓవర్లు, 36 బంతులు. తొమ్మిది రాత్రులకి 324. అవే రెండు వారాల్లో పొద్దుటిపూట గుంటూరు వచ్చి నెట్స్ కూడా మానకుండా వేసిన 240. మొత్తం 564, వారానికి 282. నా పట్టికలో మాత్రం వారానికి 120. రెండింతలు దాటింది. నేను ఆ పట్టిక చూసుకుంటూ శభాష్ అని మెసేజ్ పెట్టాను. ఆ మెసేజ్ ఇంకా ఫోన్‌లో ఉంది.

డబ్బు ఏం చేశావని వాళ్ళ నాన్న నా ఎదుటే అడిగారు. 18,000లో కొంత బౌలింగ్ స్పైక్స్‌కి. మిగతాది ఓ స్నేహితుడి అన్నయ్యకి కట్టాడట. మొదటి ఎమ్మారైకి, సీటీకి తెచ్చిన బాకీ.

ఆ తర్వాత గదిలో ఎవరూ కాసేపు మాట్లాడలేదు. నడుం వాపుకి కారణం రాసే కాగితం మీద నేను "లోడ్" అని రాస్తాను, ఒంటి మీద పడిన శ్రమ భారం అని. ఆ రోజు ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదు.

మీడియం పేసర్ కూలి

ఈ ఆటలో డబ్బు ఎక్కడ మొదలవుతుందో తల్లిదండ్రులకి తెలియాలి. 2021లో బీసీసీఐ ప్రకటించిన లెక్క ప్రకారం రాష్ట్ర జట్టుకి అండర్-19 ఆడితే రోజుకి 20,000, అండర్-23కి రోజుకి 25,000. సీనియర్లలో 20 మ్యాచ్‌ల లోపు అనుభవం ఉంటే రోజుకి 40,000. బెంచి మీద కూర్చుంటే సీనియర్‌కి అందులో సగం. చదవడానికి బాగుంటుంది. కానీ రాష్ట్ర జట్టనే ఆ గీతకి ఒక్క అడుగు ఇవతల, జిల్లా మ్యాచ్‌లూ క్యాంపులూ తిరిగే వందలమందికి వచ్చేది సున్నా. బస్సు చార్జీలు తండ్రివి. గీతకి అవతల సగానికీ మొత్తానికీ మధ్య తేడా రోజుకి 20,000. నొప్పి ఉందని ఫిజియోకి చెబితే సగం, చెప్పకపోతే మొత్తం. కుర్రాడు ఏది ఎంచుకుంటాడో ఊహించడానికి నా డిగ్రీ అక్కర్లేదు.

మీడియం పేసర్‌కి ఇంకో శాపముంది. వేగం గంటకి 125 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది, చూసేవాళ్ళకి శ్రమ పడుతున్నట్టు కనబడడు. దాంతో కెప్టెన్ ఓ చివర తాళం వేసినట్టు వీణ్ణి పెట్టేసి, అసలు ఫాస్ట్ బౌలర్లకి రెస్ట్ ఇస్తాడు. ఆపకుండా తొమ్మిది, పది ఓవర్ల స్పెల్. ఎర్రబంతి పాతబడ్డాక ఎండలో ఆ చాకిరీ అంతా మీడియం పేసర్‌దే. కాలు పడే దెబ్బ అతనికీ ఒంటిబరువుకి ఎన్నో రెట్లే, కానీ స్పీడ్ గన్ మీద ఆ అంకె రాదు. ఇంగ్లండ్ బోర్డు అండర్-19 పేస్ బౌలర్లకి స్పెల్‌కి 7 ఓవర్లు, రోజుకి 18 ఓవర్లు దాటొద్దని రాసిపెట్టింది. అందులో ఫాస్ట్‌కో లెక్క, మీడియంకో లెక్క లేదు.

2024 నవంబరులో మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి పెర్త్‌లో టెస్ట్ క్యాప్ పెట్టుకున్నాక, మరుసటి నెలే మెల్‌బోర్న్‌లో 114 కొట్టాక, మా క్లినిక్‌కి వచ్చే ప్రతి తండ్రీ ఒకటే అడుగుతున్నాడు. మావాడు మీడియం పేసే, బ్యాటింగ్ కూడా నేర్పిస్తే? నేర్పించండి, మంచిదే. కాకపోతే నెట్స్‌లో బౌలింగ్ అయ్యాక బ్యాటింగ్, బ్యాటింగ్ అయ్యాక త్రోలు. ఆ గంటలన్నీ మోసేది ఒక్క నడుమే.

గీతల పుస్తకం

రెండోసారి పట్టిక నేను పెట్టలేదు. వాళ్ళ నాన్న పెట్టారు.

యార్డులో లారీలోంచి మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, దిగుతుంటే ఆయన పక్కన నిలబడి పుస్తకంలో గీతలు గీస్తారు. నాలుగు నిలువు గీతలు, ఐదోది వాటి మీద అడ్డంగా. ఏ టిక్కీ ఎవరి చేనుదైనా, ఎవరు మోసినా గీత గీతే. నా పట్టిక చూసి ఆయనన్నారు: "ఓవర్లని రాయిస్తున్నారు. ఇది చాలా పెద్ద కొలతండి. మేం టిక్కీలు లెక్కపెడతాం గానీ లారీలు లెక్కపెట్టం." పదిహేనేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను, ఇంత శుభ్రంగా ఎవరూ చెప్పలేదు. వార్మప్‌లో వేసే 12 బంతులు ఓవర్ కాదు. కోచ్ "ఇంకొక్కటి రా" అంటూ వేయించే ఆరేడు బంతులూ ఓవర్ కాదు. మధ్యాహ్నం సందులో పిల్లలకి వేసే పది బంతులూ ఓవర్ కాదు. కాలు మాత్రం ప్రతిసారీ పడుతోంది.

అట్ట వేసిన పొడుగు పుస్తకం, యార్డులో వాడేదే. పేజీకి ఒక రోజు. కుర్రాడు రాత్రి భోజనాల దగ్గర అంకె చెప్పాలి, ఆయన గీతలు గీయాలి. ఏ బంతి, ఏ జట్టు, జీతమా ఉచితమా అన్న గడులేవీ లేవు. మొదటి వారం పుస్తకం తెచ్చి చూపించారు. మంగళవారం 48, అడ్డగీతల కట్టలు తొమ్మిది, చివర మూడు గీతలు విడిగా. వాటి కింద చిన్నగా "ఎడమ నడుం, నొప్పి లేదు" అని రాసి ఉంది. నేనడక్కుండానే.

ఈసారి వాపు దశలోనే దొరికింది కాబట్టి పది వారాలకి బంతి ఇచ్చాం. మొదట్లో రోజు విడిచి రోజు, 24 బంతులు, సగం వేగం. వారానికి ఐదో వంతు మించి పెంచలేదు. ఇక్కడ చాలామంది పొరబడతారు. దెబ్బ తగిలిందని బౌలింగ్ తగ్గించి తగ్గించి దాచుకుంటే ఒళ్ళు ఆ తక్కువకే అలవాటుపడుతుంది, నాలుగు రోజుల మ్యాచ్‌లో ఒక్కసారిగా 30 ఓవర్లు పడితే మళ్ళీ విరుగుతుంది. మ్యాచ్ ఎంత అడుగుతుందో నెట్స్‌లో అంతదాకా మెట్లు కట్టుకుని ఎక్కాలి. సెప్టెంబరు చివరికి వారానికి 200 బంతులకి చేరాం, నొప్పి లేకుండా.

డబ్బు సంగతి ఫిజియో పని కాదంటారు. కానీ 2,000 రూపాయల రాత్రికి నేను బదులు చూపించకపోతే, ఆ పుస్తకంలో కూడా ఏదో ఓ రోజు అబద్ధపు గీతలు పడతాయి. ఓ అకాడమీలో చిన్నపిల్లలకి శని, ఆదివారాలు కోచింగ్ ఇచ్చే పని మాట్లాడి పెట్టాం. చేత్తో త్రోలు వేయడం, ఫీల్డింగ్ చేయించడం. బౌలింగ్ చేసి చూపించకూడదు. నెలకి వచ్చేది పండగ తొమ్మిది రాత్రుల కంటే తక్కువే, కానీ నెలనెలా వస్తుంది.

2023 డిసెంబరులో విజయవాడ దగ్గర మూలపాడులో ఓ మూడు రోజుల మ్యాచ్. నేను చూడ్డానికి వెళ్ళాను. పొద్దున మొదటి గంట గాలిలో తడి ఉంటుంది, ఎస్‌జీ కంపెనీ బంతి సీమ్, అంటే కుట్టు, ఎత్తుగా ఉంటుంది, 125 వేసేవాడికి అంతకంటే ఏం కావాలి. ఆరు ఓవర్లు, రెండు వికెట్లు. ఏడో ఓవర్ అయ్యాక కెప్టెన్ మళ్ళీ బంతి విసిరాడు. మనవాడు పట్టుకుని తిరిగి ఇచ్చేశాడు. కెప్టెన్ గొంతు బౌండరీ దాకా వినబడింది: "నువ్వు మీడియం పేసే కదరా, నీకేంటంట?" కోచ్ లోపలికి వెళ్ళి ఏదో మాట్లాడాడు. లంచ్ తర్వాత రెండో స్పెల్ ఇచ్చారు, ఇంకో ఆరు ఓవర్లు. ఆ సాయంత్రం అతను నాతో ఎక్కువ మాట్లాడలేదు. ఎనిమిదో ఓవర్ వేసుంటే మూడో వికెట్ వచ్చేదనే ఉంది మొహంలో. వచ్చేదేమో కూడా.

ఆ సీజన్ అండర్-23 ఆడాడు. తర్వాతి సీజన్ సీనియర్ ప్రాబబుల్స్‌లో, అంటే జట్టు ఎంపికకి ముందు వేసే జాబితాలో, పేరొచ్చింది, తుది జట్టులో రాలేదు. వేగం పెంచాలని అప్పుడప్పుడూ అడుగుతాడు. 130 కోసం ప్రయత్నించిన ప్రతిసారీ వీడియోలో ఎడమకి ఒరగడం పెరుగుతోంది, ఆ సంగతి చూపిస్తాను. నిర్ణయం అతనిది. మధ్యేమార్గంగా కోచ్ కట్టర్, అంటే పిచ్ మీద పడ్డాక పక్కకి తిరిగే బంతి, నేర్పుతున్నాడు, ఇప్పటికి పదింటికి ఆరు అనుకున్నచోట పడుతున్నాయి. ఎల్4, ఎల్5 రెండూ పోయినేడాది ఎమ్మారైలో శుభ్రంగా ఉన్నాయి.

మొన్న రాత్రి తొమ్మిదిన్నరకి వాళ్ళ నాన్న ఫోన్ చేశారు. వెనక యార్డులో లారీల చప్పుడు.

"డాక్టరుగారూ, చిన్న అనుమానమండి. నోబాల్ వేస్తే అది లెక్కలోకి వస్తుందా?"

"ఓవర్ లెక్కలో రాదండి. మన పుస్తకంలో వస్తుంది. కాలు పడింది కదా."

"వైడ్లో?"

"అవీ."

కాసేపు ఏమీ వినబడలేదు, పేజీలు తిప్పుతున్నారు.

"అయితే గురువారానికి ఇంకో ఐదు గీయాలండి" అన్నారు.